గీజరులో హీటింగ్ ఎలిమెంటు మార్చే పద్ధతి

బోరు నీళ్లు వాడే ఇళ్లలో గీజరు ఎలిమెంటు త్వరగా పాడవడానికి ప్రధాన కారణం, ఆ నీటిలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు, నీరు కాగినప్పుడు, ఎలిమెంటు గొట్టంపై తెల్లటి పొలుసుగా పేరుకుపోవడమే. మా ఇంట్లో తీసిన ఎలిమెంటు పెన్సిలంత ఉండాల్సింది బొటనవేలంత లావైంది.

ముందుగా ఎంసీబీ (మెయిను బోర్డులోని బ్రేకరు) ఆపి, ప్లగ్గు తీసి, నీరు చల్లారనివ్వాలి. గోడ మీది స్విచ్చి ఒక్కటే ఆపి ఊరుకోవద్దు. ఫేజు (కరెంటు వచ్చే వైరు), న్యూట్రలు (తిరిగి వెళ్లే వైరు) తారుమారైన ఇంట్లో స్విచ్చి ఆపినా ఎలిమెంటుకు కరెంటు అందుతూనే ఉంటుంది.

తరువాత కింది మూత విప్పి, వైర్ల అమరికను ఫొటో తీసుకొని, వాటిని విడదీసి, ఎలిమెంటు రెండు కొనల మధ్య నిరోధాన్ని మల్టీమీటరుతో కొలవాలి. 230 వోల్టులపై పనిచేసే 2000 వాట్ల ఎలిమెంటుకు సుమారు 26 ఓములు రావాలి. అసలేమీ చూపకపోతే లోపలి తీగ తెగినట్టే. సరిగానే చూపితే లోపం థర్మోస్టాటులోనో (వేడిని అదుపు చేసేది), కటౌటులోనో (వేడి మరీ ఎక్కువైతే కరెంటు ఆపేది) వెతకాలి. కొనకూ లోహపు తొడుగుకూ మధ్య రీడింగు కనిపిస్తే మాత్రం ఆ ఎలిమెంటును ఇక వాడకూడదు, అది షాకు కొడుతుంది.

నీటి వాల్వు కట్టి, ట్యాంకు ఖాళీ చేసి, ఫ్లాంజి (ఎలిమెంటును ట్యాంకుకు పట్టి ఉంచే పళ్లెం) నట్లు విప్పి, అదే వాటేజి ఉన్న కొత్త ఎలిమెంటును కొత్త గ్యాస్కెట్టుతో (లీకు కాకుండా మధ్యలో వేసే వాషరు) బిగించాలి. నట్లను ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగిస్తేనే లీకు రాదు. ట్యాంకు తుప్పు పట్టకుండా కాపాడే మెగ్నీషియం కడ్డీ అరిగిపోయి ఉంటే అదీ అప్పుడే మార్చాలి. వైర్లను, ముఖ్యంగా ఎర్తు వైరును, ఫొటో ప్రకారం కలిపి, వేడినీళ్ల కుళాయి నుంచి గాలి పోయి ధార నిండుగా వచ్చేదాకా ట్యాంకు నింపిన తరువాతే కరెంటు ఇవ్వాలి. నీరు లేకుండా వేస్తే కొత్త ఎలిమెంటు నిమిషాల్లోనే కాలిపోతుంది.