వానలో హాంకాంగ్ హార్బర్ ఎలా చూడాలి?

హాంకాంగ్‌కి టికెట్స్ బుక్ చేసుకున్నాక ఫోర్‌కాస్ట్ చూసి, వారమంతా వానేనా అని నీరసపడిపోయేవాళ్లు చాలామంది ఉంటారు. నేనైతే ట్రిప్ మానుకోవద్దనే చెప్తా. అక్కడ ఏడాదికి దాదాపు 2400 మిల్లీమీటర్ల వాన పడుతుంది, అందులో ఎక్కువ భాగం మే నుంచి సెప్టెంబర్ లోపలే, అయినా ఊరు ఆగదు. చేయాల్సిందల్లా ఒక్కటే, ప్లాన్‌ని తలకిందులు చేసుకోవాలి. అందరూ ముందు ఊరంతా పైనుంచి కనిపించే కొండ విక్టోరియా పీక్‌కి పరిగెడతారు కదా, మీరు దాన్ని చివరికి నెట్టేసి హార్బర్‌తో మొదలుపెట్టండి.

ముందుగా ఫోన్లో అక్కడి వాతావరణ శాఖ యాప్ ‘మై అబ్జర్వేటరీ’ వేసుకోండి. వానకి మూడు రంగుల వార్నింగ్‌లు ఉంటాయి: గంటకి 30 మిల్లీమీటర్లు దాటితే ఆంబర్, 50 దాటితే రెడ్, 70 దాటితే బ్లాక్. ఆంబర్ అయితే గొడుగేసుకుని తిరగొచ్చు, రెడ్ అంటే ఏ మ్యూజియంలోనో మాల్‌లోనో ఉండిపోవాలి, బ్లాక్ అంటే ఎక్కడున్నారో అక్కడే ఆగిపోవాలి, హోటల్ పక్క వీధిలోనే ఉంది కదా అని బయల్దేరొద్దు. ఇదేదో భయపెట్టడానికి చెప్పట్లేదు, 2023 సెప్టెంబర్‌లో ఒక రాత్రి ఒక్క గంటలోనే 158 మిల్లీమీటర్లు పడి మెట్రో స్టేషన్‌లోకి కూడా నీళ్లొచ్చేశాయి. తుఫాను సిగ్నల్స్ వేరే. 1, 3 వరకు పర్లేదు కానీ 8 వేస్తే ఫెర్రీలు, ట్రామ్‌లు ఆగిపోతాయి, షాపులు మూసేస్తారు. 8 వేసే ముందు ఓ రెండు గంటల లోపు వేస్తామని చెప్తారు, అది వినగానే రూమ్‌కి వెళ్లిపోండి.

తర్వాత బ్యాగ్. చిన్న గొడుగు, గాలి ఎక్కువుంటే గొడుగు తిరగబడిపోతుంది కాబట్టి పల్చటి రెయిన్‌కోట్ కూడా, ఫోన్‌కి జిప్ కవర్. వీటికంటే ముఖ్యం ఒక శాలువా లేదా స్వెటర్, ఎందుకంటే బయట ఉక్కపోత, లోపల ఏసీ మాత్రం గడ్డకట్టేలా ఉంటుంది, తడిసిన బట్టలతో ఆ చల్లదనంలోకి వెళ్తే వణుకు ఖాయం. ఎయిర్‌పోర్ట్‌లోనే ఆక్టోపస్ కార్డ్ తీసుకోండి, మెట్రోకి, ట్రామ్‌కి, ఫెర్రీకి అన్నిటికీ అదొక్కటి చాలు, వానలో తడి చేతుల్తో చిల్లర వెతుక్కునే బాధ ఉండదు.

ఇక అసలు సంగతి, హార్బర్ దాటించే పడవ స్టార్ ఫెర్రీ. పొద్దున్నే కౌలూన్ వైపు ఒడ్డునున్న చిమ్ షా చుయి పియర్‌కి (పడవల రేవు) వెళ్లి, అవతల హాంకాంగ్ ద్వీపం మీదున్న సెంట్రల్‌కి ఎక్కండి, పది నిమిషాల ప్రయాణం. దీన్ని మొదలుపెట్టింది బొంబాయి నుంచి వెళ్లిన పార్సీ ఆయన దొరాబ్జీ నౌరోజీ, 1888లో కంపెనీ పెట్టాడు, తర్వాత పదేళ్లకి ఈ పేరొచ్చింది. వానలో పై డెక్ మంచిది, కొంచెం ఎక్కువ డబ్బులైనా పర్లేదు. చెక్క బల్లల వీపుల్ని అటూ ఇటూ తిప్పుకోవచ్చు, పడవ ఎటు పోతే అటు ముఖం పెట్టి కూర్చోవచ్చన్నమాట. ఒడ్డుకి చేరేటప్పుడు నీలం యూనిఫామ్ వేసుకున్న మనిషి కొక్కెం ఉన్న పొడుగు కర్రతో తాడుని అందుకుంటాడు, అది మిస్ అవ్వొద్దు. నీళ్ల మీద చినుకులు, పొగమంచులో సగం మాయమైన బిల్డింగులు, ఎండలో చూసినదానికంటే నాకు ఇదే నచ్చుతుంది, అందుకే ఒకసారి కాదు, వెళ్తూ వస్తూ రెండుసార్లు ఎక్కమంటాను.

సెంట్రల్‌లో దిగాక రోడ్డు మీదకి దిగకండి, పియర్స్ దగ్గర్నుంచే పైకప్పు ఉన్న వాక్‌వేలు ఐఎఫ్‌సీ మాల్ మీదుగా లోపలికి తీసుకెళ్తాయి, అలాగే నడుస్తూ పోతే కొండ ఎక్కే ఎస్కలేటర్ వస్తుంది. 1993లో కట్టారు, దాదాపు 800 మీటర్లు, దీనికీ పైకప్పు ఉంది. పొద్దున 6 నుంచి 10 వరకు ఇది కిందకే వస్తుంది, ఆఫీసులకెళ్లేవాళ్ల కోసం, కాబట్టి 10 దాటాకే వెళ్లండి, లేదంటే తడి మెట్లెక్కాలి. హాలీవుడ్ రోడ్ దగ్గర ఆగితే పక్కనే తై క్వున్, పాత పోలీస్ స్టేషన్, జైలు, లోపలికి ఫ్రీ. అక్కణ్నుంచి కాస్త నడిస్తే మాన్ మో గుడి, లోపల పైనుంచి వేలాడే పెద్ద పెద్ద చుట్టల అగరుబత్తులు, వాన రోజు ఆ పొగ కిందకే ఉండిపోతుంది, కళ్లు మండినా ఓ ఐదు నిమిషాలు నిలబడండి.

కాళ్లు నొప్పెడితే రెండంతస్తుల ట్రామ్. 1904 నుంచి నడుస్తున్నాయి, అక్కడోళ్లు డింగ్ డింగ్ అంటారు. వెనక నుంచి ఎక్కాలి, ముందు నుంచి దిగాలి, డబ్బులు దిగేటప్పుడే, ఎంత దూరమైనా ఒకటే రేటు. పైన ముందు సీటు దొరికితే చివరిదాకా కూర్చోండి.

వాన ఎంతకీ తగ్గకపోతే వెస్ట్ కౌలూన్‌లో ఆధునిక కళల మ్యూజియం ఎం ప్లస్, ప్యాలెస్ మ్యూజియం రెండూ ఉన్నాయి, సగం రోజు హాయిగా గడిచిపోతుంది. చిమ్ షా చుయి పియర్ దగ్గరే ఉన్న ఆర్ట్ మ్యూజియం గురువారం మూసి ఉంటుంది, చూసుకోండి.

పీక్ విషయానికొస్తే, టికెట్ ముందే కొనేయకండి. పైన ఊరు చూసే డెక్ స్కై టెర్రస్ సముద్రమట్టానికి 428 మీటర్ల ఎత్తులో ఉంటుంది, సెంట్రల్‌లో ఐఎఫ్‌సీ పెద్ద టవర్ 412 మీటర్లు, అంటే రెండూ దాదాపు ఒకే ఎత్తు. చిమ్ షా చుయి ఒడ్డున నిలబడి ఆ టవర్ కొన వైపు చూడండి. కొన మబ్బులో దూరిపోయి ఉంటే పీక్ మీద కూడా తెల్లటి మబ్బు తప్ప ఏమీ కనపడదు, డబ్బులు దండగ. వాన ఆగి కొన స్పష్టంగా బయటపడిందంటే మాత్రం అప్పటికప్పుడు ఫెర్రీ ఎక్కి బయల్దేరిపోండి, కడిగినట్టున్న గాలిలో కౌలూన్ వెనక కొండలు కూడా కనిపిస్తాయి, మళ్లీ మబ్బు పట్టేలోపు చేరుకోవాలి అంతే.