హెడ్‌ఫోన్ కొనే ముందు ఓమ్‌ల అంకె చూడండి
ఎలక్ట్రానిక్స్ దుకాణాలుండే చెన్నై రిచీ స్ట్రీట్‌లో ఇంటి కంప్యూటర్ కోసం వైరు హెడ్‌ఫోన్ కొనబోయేవారు, ధరకన్నా ముందు పెట్టె మీద ఓమ్‌లలో రాసి ఉండే ఇంపిడెన్స్‌ను, అంటే విద్యుత్ ప్రవాహానికి హెడ్‌ఫోన్ చూపే అడ్డును, చూడడం మంచిది. 16 నుంచి 32 ఓమ్‌ల రకాలను కంప్యూటర్ జాక్ సాధారణంగా తేలిగ్గానే నడిపిస్తుంది గాని, 250, 300 ఓమ్‌ల స్టూడియో రకాలను నేరుగా తగిలిస్తే, విడిగా ఆంప్లిఫయర్ లేనిదే చాలా కంప్యూటర్లలో శబ్దం పీలగా వస్తుంది. ఈ సంగతి తెలియక నేను దుకాణదారుతో అనవసరంగా వాదించాను కూడా.

పాట ఆపినా చెవిలో సన్నగా గీమంటూ, మౌస్ కదిపినప్పుడల్లా ఆ రొద మారుతూ ఉంటే, తప్పు హెడ్‌ఫోన్‌ది కాకపోవచ్చు. క్యాబినెట్ ముందున్న జాక్‌కు వెళ్లే తీగ లోపలి భాగాల పక్కనుంచి సాగుతూ వాటి విద్యుత్ రొదను పట్టుకుంటుంది కనుక, ముందుగా వెనక మదర్‌బోర్డు మీది ఆకుపచ్చ జాక్‌లో పెట్టి చూడండి. అప్పటికీ పోకపోతే యూఎస్‌బీ డ్యాక్, అంటే కంప్యూటర్ డిజిటల్ సంకేతాన్ని క్యాబినెట్ బయట శబ్ద సంకేతంగా మార్చే చిన్న పరికరం, తీసుకోవచ్చు.

చెవి గిన్నెల వెనక భాగం మూసి ఉండని ఓపెన్ బ్యాక్ రకాల్లో సంగీతం విశాలంగా వినిపించే మాట నిజమే అయినా, మన ఉక్కకు రోజంతా తిరిగే ఫ్యాను చప్పుడు కూడా వాటిలోంచి చెవిలోకి వచ్చేస్తుంది.