పాత గనుల దారిలో సైకిల్ తొక్కుతుంటే వాగు నీళ్లు వద్దు
కొండల్లో మూతపడిన గనుల వైపు గ్రావెల్ సైకిల్ (మట్టి, కంకర దారుల కోసం చేసిన వెడల్పు టైర్ల సైకిల్) మీద వెళ్లేవాళ్లు ముందు నీళ్ల సంగతి చూసుకోండి. ఖనిజం మోసిన పాత రైలు కట్టలు, పట్టాలు తీసేశాక, తొక్కడానికి భలే ఉంటాయి. ఎత్తు నెమ్మదిగా పెరుగుతుంది, బండ్ల టెన్షన్ ఉండదు. కానీ పక్కన పారే వాగు నీళ్లు మాత్రం బాటిల్లో పట్టుకోకండి. గనుల్లోంచి ఊరే నీటిలో ఆర్సెనిక్, సీసం, కాడ్మియం లాంటి విషపదార్థాలు కరిగి ఉండొచ్చు. మామూలు ట్రెక్కింగ్ ఫిల్టర్ క్రిములను ఆపుతుంది గానీ వీటిని కాదు. మరిగించినా పోవు, నీరు ఆవిరై ఇంకా చిక్కబడతాయి. రాళ్లకు నారింజ రంగు మడ్డి పట్టి ఉంటే నీళ్లు పాడయ్యాయని చూడగానే తెలిసిపోతుంది. తేటగా కనిపించే నీళ్లతోనే అసలు చిక్కు. బరువైనా రోజుకు సరిపడా మంచినీళ్లు మోసుకెళ్లండి. టైరు వెడల్పు 40 మిల్లీమీటర్లకు తగ్గనివ్వకండి, గని రాళ్ల ముక్కలు పదునుగా ఉంటాయి.