వానాకాలం రేసులకు ముందు గుర్రం వెనకబడుతోందా?

మలక్‌పేటలో వానాకాలం సీజన్ దగ్గరపడే వేళ, మొన్నటిదాకా దూసుకెళ్లిన గుర్రం ట్రాక్‌వర్క్‌లో (ట్రాక్ మీద చేయించే సాధన) చివరి 400 మీటర్లకే డీలా పడితే అందరికీ టెన్షనే. మొండికేస్తోందని జాకీ అంటాడు, దాణా చాలట్లేదని ఇంకొకరంటారు. టానిక్ సీసా, కొరడా రెండూ పక్కన పెట్టండి. చాలాసార్లు దానికి ఎక్కడో నొప్పి ఉంటుంది, నోరులేని జీవం చెప్పుకోలేదు.

ముందు కాళ్లు చూడండి. అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే కారణం కుంటే, అదీ పైకి తెలియని కుంటు. గట్టి నేల మీద సైస్‌తో (గుర్రాన్ని చూసుకునే మనిషి) నేరుగా ట్రాట్ (నిదానపు పరుగు) చేయించి తల గమనించండి. నొప్పున్న ముందుకాలు ఆనినప్పుడు తల పైకి లేస్తుంది, మంచికాలు ఆనినప్పుడు దిగుతుంది. రెండు ముందుకాళ్లూ నొప్పిగా ఉంటే మాత్రం తల ఊగకపోవచ్చు, అడుగు పొట్టిదవుతుందంతే. చాలామంది మోసపోయేది ఇక్కడే. గుండ్రంగా రెండు వైపులా తిప్పిస్తే లోపలివైపు కాలి నొప్పి తరచుగా బయటపడుతుంది. డాక్టర్ చూసేదాకా నొప్పి మందు వేయొద్దు, అది అసలు సంగతిని కప్పేస్తుంది.

తర్వాత ఊపిరి. గాలప్‌లో, అంటే వేగంగా దౌడు తీసేటప్పుడు, ఈల, గురక లాంటి శబ్దం వస్తోందేమో జాకీని అడగండి. మెత్తని అంగిలి జారి గాలిదారికి అడ్డుపడడం లాంటివి నిలబెట్టి చేసే ఎండోస్కోపీలో తప్పిపోతాయి, పరుగులో చేయించగలిగితే మేలు. ముక్కున రక్తం రాకపోయినా ఊపిరితిత్తుల్లో కారుతూ ఉండొచ్చు. గట్టి గాలప్ అయిన అరగంట నుంచి గంటన్నర లోపు స్కోప్ వేస్తే శ్వాసనాళంలో కనిపిస్తుంది.

వానలతో జోరీగలు పెరుగుతాయి, రక్తంలో చేరే పరాన్నజీవి వల్ల వచ్చే సర్రా జబ్బును మోసేది అవే. జ్వరం వచ్చిపోతుంటుంది, తింటున్నా ఒళ్లు చిక్కిపోతుంది. రోజూ పనికి ముందే టెంపరేచర్ రాసుకోండి. 38.5 డిగ్రీలు దాటితే ఆ రోజు గాలప్ ఆపేసి రక్తపరీక్ష చేయించండి. ఒక్క రక్తపు స్లైడ్‌లో పరాన్నజీవి కనపడలేదని వదిలేయకండి.

ఉక్కపోతలో పక్క గుర్రాలు చెమటతో తడిసిపోతుంటే మీది పొడిగా ఉండి ఎగశ్వాస తీస్తోందా? వెంటనే పని ఆపి, ఒంటి మీద చన్నీళ్లు పోస్తూ డాక్టర్‌ని పిలవండి.

దాణా సగంలో వదిలేసే గుర్రానికి కడుపులో పుండ్లు ఉండొచ్చు. పని తర్వాత తుంటి కండరాలు బిగుసుకుపోతే నడిపించకండి, రక్తంలో సీకే (కండరాలు దెబ్బతింటే పెరిగే ఎంజైమ్) ఎంతుందో చూపించండి.

గుండె లయ తప్పడం అరుదే. కానీ రేసు మధ్యలో హఠాత్తుగా వెనకబడిన గుర్రానికి ఆ రోజే ఈసీజీ తీయించండి. ఒకటి రెండు రోజుల్లో లయ దానంతటదే సర్దుకుంటే, తర్వాత ఎంత వెతికినా ఆచూకీ దొరకదు.