థైరాయిడ్ రిపోర్టు తేడాగా వస్తే ముందు జుట్టు బిళ్ళల సంగతి చూడండి

మా వదిన పర్లాకిమిడిలో రక్తం ఇచ్చింది, శాంపిల్ విశాఖ వెళ్ళి మర్నాడు ఫోన్‌కి రిపోర్టు వచ్చింది: టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌ని పని చేయమని పురమాయించే హార్మోన్) అడుగంటింది, ఫ్రీ టీ4 (థైరాయిడ్ తయారుచేసే హార్మోన్) బాగా ఎక్కువ. అంటే థైరాయిడ్ విపరీతంగా పనిచేస్తోందన్నమాట. మనిషి చూస్తే గుండె దడ లేదు, చేతులు వణకవు, ఒళ్ళు చిక్కలేదు, మధ్యాహ్నం అన్నం తిన్నాక హాయిగా కునుకు కూడా తీస్తోంది. రిపోర్టుకీ మనిషికీ పొంతన లేనప్పుడు నేనైతే ముందు రిపోర్టునే అనుమానిస్తాను.

సెంటర్‌లో అబ్బాయి మందులేమైనా వాడుతున్నారా అని ఒడియాలో అడిగితే లేదనేసిందట. జుట్టు బిళ్ళ తన లెక్కలో మందు కాదు మరి! స్ట్రిప్ వెనక్కి తిప్పి చూస్తే, చీమ తలకాయంత అక్షరాల్లో, బయోటిన్ అనే బి విటమిన్ 10 మిల్లీగ్రాములు. రోజుకి మనకి కావాల్సింది 30 మైక్రోగ్రాములే, అంటే మూడు వందల రెట్లకి పైనే మింగుతోంది.

చాలా మెషీన్లలో హార్మోన్‌ని పట్టడానికి బయోటిన్‌నే కొక్కెంలా వాడతారు. రక్తంలో బయోటిన్ నిండిపోతే అది ముందే వెళ్ళి ఆ చోటు ఆక్రమించేస్తుంది. దాంతో టీఎస్‌హెచ్ లేనిపోని తక్కువగానూ, టీ4, టీ3 లేనిపోని ఎక్కువగానూ కనిపిస్తాయి, అచ్చం థైరాయిడ్ అతిగా పనిచేసే గ్రేవ్స్ జబ్బులాగే. గుండెపోటుకి చేసే ట్రోపోనిన్ కూడా ఇలాగే తప్పుగా తక్కువ రావచ్చని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2017లోనే హెచ్చరించింది.

కాబట్టి రక్తం ఇచ్చే ముందు కనీసం రెండు రోజులు బయోటిన్ ఆపండి. డాక్టరే పెద్ద డోసు రాసి ఉంటే ఎన్నాళ్ళు ఆపాలో ఆయన్నే అడగండి, బీపీ, గుండె బిళ్ళల జోలికి మాత్రం పోకండి. మల్టీవిటమిన్, జుట్టు, గోళ్ళ బిళ్ళల స్ట్రిప్పులన్నీ సంచిలో వేసుకెళ్ళి చూపించండి, నోటితో చెప్తే ఏదో ఒకటి మర్చిపోతాం. థైరాక్సిన్ (థైరాయిడ్ తక్కువైనవాళ్ళకిచ్చే బిళ్ళ) వాడేవాళ్ళు రక్తం ఇచ్చాకే ఆ రోజు బిళ్ళ వేసుకుంటే మంచిది, ముందే మింగితే టీ4 కాసేపు ఎక్కువ చూపిస్తుంది. టీఎస్‌హెచ్ తెల్లవారుజామున ఎక్కువ, మధ్యాహ్నానికి తక్కువ, అందుకని ప్రతిసారీ ఒకే వేళకి, వీలైతే ఒకే ల్యాబ్‌లో ఇవ్వండి.

వదిన నాలుగు రోజులు ఆపి మళ్ళీ ఇస్తే అంతా నార్మల్. ఈలోగా ఇంటిల్లిపాదికీ ఎంత టెన్షనో!

పాలు పడేలా చేసే హార్మోన్ ప్రొలాక్టిన్ అయితే సూది భయానికే పెరుగుతుంది, కాసేపు కూర్చుని ఇవ్వండి. ఏ లక్షణమూ లేకుండా ఎక్కువొస్తే మాక్రోప్రొలాక్టిన్ చూడమని డాక్టర్ని అడగండి, అది పని చేయని పెద్ద ముద్ద, లెక్కలోకి మాత్రం వచ్చేస్తుంది.

బయోటిన్ వాడకపోయినా అంకె వింతగా ఉందా? కొందరి రక్తంలో ఉండే యాంటీబాడీలు టెస్ట్‌ని తికమక పెడతాయి. అదే శాంపిల్‌ని వేరే కంపెనీ మెషీన్ మీద చూడమనండి. గర్భం టెస్ట్ రక్తంలో పాజిటివ్ వచ్చి స్కాన్‌లో ఏమీ కనపడకపోతే మూత్రం కూడా పరీక్షించమనండి, ఆ యాంటీబాడీలు మూత్రంలోకి దిగవు.