పేజీ తెరుచుకోవట్లేదా? బొమ్మలు రావట్లేదా? ముందు ఆ డిలీట్ బటన్ మీద నుంచి చెయ్యి తీయండి

"అన్నా, సైట్ ఓపెన్ అయితలేదు. హిస్టరీ అంతా క్లియర్ చేసిన, అయినా అయితలేదు."

నల్లగొండలో నెట్ సెంటర్ నడిపేవాళ్లకు ఈ మాట వినబడని రోజు ఉండదు. పేజీ రాకపోతే చాలు, మనోళ్లకు మొదట గుర్తొచ్చేది చెరపడం. హిస్టరీ, కుకీలు (సైట్లు మిమ్మల్ని గుర్తుపెట్టుకోవడానికి బ్రౌజర్‌లో దాచే చిన్న ఫైళ్లు), పాస్‌వర్డ్‌లు, కనబడ్డ గడిలో కనబడ్డట్టు టిక్ కొట్టి అన్నీ ఊడ్చేస్తారు. తీరా చూస్తే తప్పు అవతలి సర్వర్‌ది, అంటే ఆ సైటును నడిపే కంప్యూటర్‌ది. అది గంట తర్వాత దానంతటదే లేచి కూర్చుంటుంది, వీళ్ల పాస్‌వర్డ్ మాత్రం తిరిగి రాదు.

అందుకే చెయ్యి పెట్టే ముందు తప్పు ఎవరిదో తేల్చుకోవాలి. అనుమానించాల్సింది మూడింటినే: మీ నెట్, అవతలి సైటు, మీ బ్రౌజర్. కింద చెప్పిన వరసలోనే చూడండి. వరస తప్పితే ఏది పనిచేసిందో, ఏది చెడగొట్టిందో మీకే తెలియదు.

కావలసినవి

మీ కంప్యూటరో ఫోనో, పక్కవాళ్ల ఫోన్ నుంచి హాట్‌స్పాట్, ఇంకో బ్రౌజర్. ఆ రెండో బ్రౌజర్ ఫైర్‌ఫాక్సే అయి ఉండాలి. ఎడ్జ్, బ్రేవ్, ఒపేరా మూడూ క్రోమ్‌కి పునాదిగా ఉన్న క్రోమియం మీదనే నడుస్తాయి. క్రోమ్‌లో రానిది ఎడ్జ్‌లో కూడా రాకపోతే మీకు కొత్తగా తెలిసిందేమీ లేదు.

1. నెట్ ఉందా?

మీరు ఎప్పుడూ తెరవని సైటు ఒకటి తెరవండి. రోజూ చూసే పేజీతో పరీక్ష పెట్టొద్దు, అది బ్రౌజర్ దాచుకున్న పాత కాపీ నుంచి వచ్చి నెట్ ఉన్నట్టే కనిపిస్తుంది.

అక్షరాలు వచ్చి బొమ్మలు రాకపోతే ముందు ఆ రోజు డేటా అయిపోయిందేమో చూడండి. చాలా ప్లాన్లలో రోజు కోటా దాటాక నెట్ ఆగిపోదు, వేగం 64 కేబీపీఎస్‌కి పడిపోతుంది. ఆ వేగంతో ఒక ఎంబీ ఫొటో రావాలంటే రెండు నిమిషాలు దాటుతుంది. నాలుగు అక్షరాలకు ఆ వేగం సరిపోతుంది కాబట్టి నెట్ బాగానే ఉందనుకుంటాం. పొద్దున్నుంచి రీల్స్ చూసి, సాయంత్రం అప్లికేషన్‌లో ఫొటో కనబడట్లేదని వచ్చేవాళ్లలో సగం మంది సంగతి ఇదే. మన్ననూరు దాటి నల్లమల ఘాటెక్కినాక మాత్రం ఈ లెక్కలేవీ వద్దు, అక్కడ సిగ్నలే కష్టం.

లాడ్జీలు, స్టేషన్ల వైఫై అయితే లాగిన్ పేజీలో నంబర్ ఇచ్చేదాకా ఏ సైటూ తెరుచుకోదు. పైన వైఫై గుర్తు నిండుగా ఉందని నమ్మొద్దు.

2. తప్పు సైటుదా?

అదే అడ్రస్ పక్కవాళ్ల ఫోన్‌లో, వాళ్ల డేటా మీద తెరవండి. అక్కడ కూడా రాకపోతే మీరు చేయగలిగింది దాదాపు ఏమీ లేదు. తెర మీద ఏ నంబర్ పడిందో చూడండి. 404 అంటే ఆ అడ్రస్‌లో పేజీ లేదు. లింకు తప్పయినా అయ్యుండాలి, వాళ్లు తీసేసైనా ఉండాలి. 403 అంటే పేజీ ఉంది, మీకు చూపించరు. 500, 502, 503, 504 ఈ నాలుగూ అవతలి సర్వర్ బాధలే.

రిజల్ట్స్ రోజు 503 పడగానే అందరూ రిఫ్రెష్ మీద రిఫ్రెష్ కొడతారు. మీరు నొక్కిన ప్రతిసారీ కొత్త రిక్వెస్ట్ పోతుంది, అసలే మోయలేని సర్వర్ మీద ఇంకో బరువు పడుతుంది. పది నిమిషాలు ఆగండి. డబ్బు కట్టే పేజీలో అయితే రిఫ్రెష్ అసలే వద్దు. ఫారం రెండోసారి పంపాలా అని బ్రౌజర్ అడిగితే వద్దనే చెప్పండి. ముందు ఖాతాలో డబ్బు కట్ అయిందో లేదో చూసుకోండి.

3. ప్రైవేట్ విండో

పక్కఫోన్‌లో వచ్చి మీ దగ్గర రాకపోతే, క్రోమ్‌లో కంట్రోల్, షిఫ్ట్, ఎన్ కలిపి నొక్కండి. ఇన్‌కాగ్నిటో విండో వస్తుంది. ఫైర్‌ఫాక్స్‌లో ఎన్ బదులు పీ. ఫోన్‌లో మూడు చుక్కల మెనూలోనే ఉంటుంది. అందులో అదే అడ్రస్ తెరవండి.

ఈ విండోలో పాత కుకీలు ఉండవు, ఎక్స్‌టెన్షన్లు (బ్రౌజర్‌కి తగిలించుకున్న చిన్న ప్రోగ్రాములు) మీరు ప్రత్యేకంగా అనుమతి ఇస్తే తప్ప నడవవు. ఇందులో పేజీ వచ్చిందంటే నెట్టూ మంచిదే, సైటూ మంచిదే, గొడవ మీ మామూలు బ్రౌజర్‌లో పేరుకున్న సరుకుది. ఒక్కటి కూడా చెరపకుండా, ఒక్క సెట్టింగ్ మార్చకుండా ఇంత తెలిసిపోయింది. పేజీ రాలేదంటే ముందు రౌటర్ ఆఫ్ చేసి ఆన్ చేయమనేవాళ్లు ఎక్కువ. దాంతో ఒక్కోసారి పని అవుతుంది, కానీ ఎందుకయిందో తెలియదు, రేపు మళ్లీ అదే తంతు. క్లీనర్ యాప్‌ల సంగతి ఇక ఎత్తొద్దు. ఉన్న చెత్తకు తోడు తమ ప్రకటనలు తెచ్చి పెడతాయి.

ప్రైవేట్‌లో వచ్చిందా? ఎక్స్‌టెన్షన్లన్నీ ఆపి, ఒక్కొక్కటే ఆన్ చేస్తూ చూడండి. ప్రకటనలు ఆపే యాడ్ బ్లాకర్‌తోనే మొదలుపెట్టండి, చాలాసార్లు దొంగ అక్కడే దొరుకుతాడు. ప్రైవేట్‌లో కూడా రాకపోతే అదే అడ్రస్ ఫైర్‌ఫాక్స్‌లో, ఆ తర్వాత పక్కవాళ్ల హాట్‌స్పాట్ మీద తెరవండి. ఫైర్‌ఫాక్స్‌లో వస్తే తప్పు మీ బ్రౌజర్‌ది, హాట్‌స్పాట్ మీద వస్తే మీ నెట్‌ది.

4. బొమ్మలు మాత్రమే రాకపోతే

కంప్యూటర్‌లో ఆ బొమ్మ ఉండాల్సిన ఖాళీ చోట రైట్ క్లిక్ చేసి, 'ఓపెన్ ఇమేజ్ ఇన్ న్యూ ట్యాబ్' నొక్కండి. కొత్త ట్యాబ్‌లో 404 పడితే బొమ్మ వాళ్ల సర్వర్‌లోనే లేదు, వదిలేయండి. బొమ్మ చక్కగా వస్తే మీ దగ్గరే ఏదో అడ్డుపడుతోంది. యాడ్ బ్లాకర్ కాకపోతే క్రోమ్ సైట్ సెట్టింగ్స్‌లో 'ఇమేజెస్' చూడండి. డేటా ఆదా అవుతుందని అక్కడ బొమ్మలు ఆపేసి మరిచిపోయినవాళ్లు ఉంటారు.

కంప్యూటర్ పాతదైతే ఇంకో కారణం ఉంటుంది. ఇప్పుడు చాలా సైట్లు ఫొటోలను జేపెగ్‌లో కాకుండా వెబ్‌పీ, ఏవీఐఎఫ్ రకాల్లో పెడుతున్నాయి. వెబ్‌పీని గూగుల్ 2010లో తెచ్చింది, ఫైర్‌ఫాక్స్ 2019లో గానీ అందుకోలేదు. అంతకన్నా పాత ఫైర్‌ఫాక్స్‌లో ఆ బొమ్మలు రానే రావు. విండోస్ 7 వాడేవాళ్లకు క్రోమ్ 109వ వెర్షన్‌తో ఆగిపోయింది, 2023 తర్వాత కొత్తది లేదు. అప్‌డేట్ నొక్కి నొక్కి వేళ్లు అరగదీసుకోవద్దు.

5. తేదీ చూడండి

దీన్ని ఎవరూ నమ్మరు. ఏ సైటు తెరిచినా 'మీ కనెక్షన్ ప్రైవేట్ కాదు' అని ఎర్రగా వస్తుంటే, కంప్యూటర్ కుడిచేతి కింది మూలన ఉన్న తేదీ చూడండి. భద్రమైన సైటు ప్రతిదానికీ ఒక సర్టిఫికెట్ ఉంటుంది, దానికి మొదలు తేదీ, చివరి తేదీ ఉంటాయి. మీ కంప్యూటర్ 2012లో ఉన్నాననుకుంటే, నిన్న మొన్న ఇచ్చిన సర్టిఫికెట్ దాని లెక్కలో ఇంకా పుట్టనే లేదు. అందుకే ఒప్పుకోదు.

తేదీ సరిచేసినా కరెంటు పోయి వచ్చాక మళ్లీ వెనక్కి పోతోందా? మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత బ్యాటరీ అయిపోయింది. దాని మీద సీఆర్ 2032 అని ఉంటుంది, 3 వోల్టులది. వాచీలు బాగుచేసే షాపులోనూ దొరుకుతుంది. ప్లగ్గు పీకి, పాతది పక్కనున్న క్లిప్పు వంచి తీసి, కొత్తదాని మీద ప్లస్ గుర్తు పైకి కనబడేలా పెట్టాలి. దీనికోసం విండోస్ మళ్లీ వేయించి వందలు పోసినవాళ్లు ఉన్నారు.

తేదీ సరిగ్గానే ఉండి, ఒకే సైటుకు ఆ ఎర్ర హెచ్చరిక వస్తే అడ్వాన్స్‌డ్ నొక్కి ముందుకు పోవద్దు. ఆధార్ నంబర్, బ్యాంకు వివరాలు ఇచ్చే పేజీ అయితే అసలు పోవద్దు.

6. చెరపడం: ఇక్కడే అందరూ మునిగేది

ప్రైవేట్ విండోలో వచ్చి, ఎక్స్‌టెన్షన్లన్నీ ఆపినా మామూలు విండోలో రాకపోతేనే ఈ మెట్టుకు రండి. అంతకు ముందు కాదు.

మొదట కంట్రోల్, ఎఫ్5 కలిపి నొక్కండి. దాచుకున్న కాపీని పక్కన పెట్టి పేజీని సర్వర్ నుంచి కొత్తగా తెమ్మని అడగడం అది. మామూలు రిఫ్రెష్ ఇంత గట్టిగా అడగదు. చాలాసార్లు కథ ఇక్కడే ముగుస్తుంది.

ముగియకపోతే, ఆ ఒక్క సైటు డేటా మాత్రమే తీయండి. మళ్లీ చెప్తున్నా, ఆ ఒక్క సైటుది. అడ్రస్‌కి ఎడమ పక్క చిన్న గుర్తు ఉంటుంది. పాత వెర్షన్లలో తాళం బొమ్మ, కొత్త క్రోమ్‌లో రెండు గీతల బొమ్మ. దాన్ని నొక్కితే 'కుకీస్ అండ్ సైట్ డేటా' కనబడుతుంది, అందులోకి పోయి ఆ సైటు పేరు పక్కనున్న చెత్తబుట్ట నొక్కండి. ఫైర్‌ఫాక్స్‌లో తాళం నొక్కితే 'క్లియర్ కుకీస్ అండ్ సైట్ డేటా' నేరుగానే ఉంటుంది. ఇలా చేస్తే ఆ సైటు నుంచి మాత్రమే లాగౌట్ అవుతారు. సగం నింపిన ఫారం ఉంటే పోవచ్చు, అందుకే నింపినదంతా ముందు ఎక్కడైనా రాసి పెట్టుకోండి, లేదా ఫొటో తీసుకోండి.

అప్పటికీ రాకపోతే కంట్రోల్, షిఫ్ట్, డిలీట్. ఒక పెట్టె తెరుచుకుంటుంది. వెర్షన్‌ను బట్టి పేర్లు కొంచెం మారతాయి, అందుకే ఏ గడి దగ్గర ఏముందో చదివి మరీ టిక్ పెట్టండి.

'క్యాష్డ్ ఇమేజెస్ అండ్ ఫైల్స్' గడికి టిక్ పెట్టొచ్చు, నష్టం లేదు. బొమ్మల పాత కాపీలు పోతాయి, సైట్లు మొదటిసారి కాస్త నెమ్మదిగా వస్తాయి, అంతే. కాలం దగ్గర 'ఆల్ టైమ్' పెట్టినా భయం లేదు. బొమ్మల బాధలకు ఈ ఒక్క టిక్కు చాలు.

'కుకీస్ అండ్ అదర్ సైట్ డేటా' దగ్గర ఆగండి. దీనికి టిక్ పెడితే దాదాపు ప్రతి సైటు నుంచీ బయటకు వచ్చేస్తారు. మళ్లీ లోపలికి పోవాలంటే పాస్‌వర్డ్ కావాలి, లేదంటే ఓటీపీ. ఆ ఓటీపీ ఏ నంబర్‌కి వస్తుంది? దేవరకొండ వైపు నుంచి వచ్చిన ఒకాయన బాధ ఇదే. కొడుకు అన్నీ క్లియర్ చేసి పెట్టాడు, మెయిల్‌కి జతచేసిన నంబర్ ఎప్పుడో పారేసిన సిమ్‌ది. స్కాలర్‌షిప్ ఫారం చివరి తేదీ ఆ రోజే. "బొమ్మ రాలేదని చేసిన సార్" అని పిల్లగాడు ఏడుపు మొహం పెట్టాడు. బియ్యంలో ఒక రాయి తగిలిందని బస్తాకు బస్తా సాగర్ కాలువలో పోసిన తీరు.

పాస్‌వర్డ్‌ల గడి ఉంటే, ఎవరు ఏం చెప్పినా దాన్ని ముట్టుకోవద్దు. పేజీ రాకపోవడానికీ పాస్‌వర్డ్‌లు దాచి ఉండడానికీ ఏ సంబంధమూ లేదు. పైగా మీ గూగుల్ ఖాతాతో సింక్ (మీ ఫోన్‌లో, కంప్యూటర్‌లో అన్నీ ఒకేలా ఉంచే ఏర్పాటు) ఆన్‌లో ఉంటే, ఇక్కడ చెరిపిన పాస్‌వర్డ్‌లు మీ ఫోన్‌లోనూ పోతాయి. ఇంట్లో ఇంకో దాంట్లో ఉన్నాయిలే అన్న ధీమా పనికిరాదు. ఆటోఫిల్ గడి కూడా అంతే. పేరు, ఊరు, పిన్‌కోడ్ మళ్లీ మళ్లీ కొట్టే ఓపిక మీకుంటే సరే.

ఫోన్‌లో ఇంకో గొయ్యి ఉంది. సెట్టింగ్స్‌లో యాప్స్, అందులో క్రోమ్, స్టోరేజ్ దాకా పోతే అక్కడ రెండు దారులుంటాయి. 'క్లియర్ క్యాష్' అంటే కాపీలే పోతాయి. దాని పక్కనున్న 'క్లియర్ డేటా', కొన్ని ఫోన్లలో 'క్లియర్ స్టోరేజ్' లేదా 'మేనేజ్ స్పేస్', నొక్కి ఒప్పుకుంటే తెరిచి పెట్టుకున్న ట్యాబులు, సింక్ కాని పాస్‌వర్డ్‌లు అన్నీ పోయి క్రోమ్ అప్పుడే కొన్నట్టు మొదలవుతుంది. రెండూ పక్కపక్కనే ఉంటాయి. తొందరగా ఉన్నప్పుడు ఆ స్క్రీన్ తెరవొద్దు.

చెరిపాక బ్రౌజర్ మొత్తం మూసి తెరవండి. ట్యాబ్ మూయడం కాదు, బ్రౌజర్.

7. చివరిగా డీఎన్ఎస్

తెర మీద డీఎన్ఎస్ అనో, ఎన్ఎక్స్‌డొమైన్ (ఆ పేరుతో సైటే లేదని అర్థం) అనో కనబడితేనే ఇది. సైటు పేరును నంబర్‌గా మార్చే పని చేసేది డీఎన్ఎస్. మీ నెట్ కంపెనీది తడబడుతుంటే గూగుల్‌ది 8.8.8.8, క్లౌడ్‌ఫ్లేర్‌ది 1.1.1.1 పెట్టుకోవచ్చు. నేను 1.1.1.1 మాత్రమే పెడతాను, మీరూ అదే పెట్టండి. ఆండ్రాయిడ్ 9, ఆ పై ఫోన్లలో ప్రైవేట్ డీఎన్ఎస్ అని సెట్టింగ్ ఉంటుంది. అందులో ఎవరో చెప్పారని ప్రకటనలు ఆపే పేరు పెట్టుకుని ఉంటే, సైట్లు రాకపోవడానికి అదే కారణం కావచ్చు. దాన్ని ఆటోమేటిక్‌కి మార్చి చూడండి. కానీ ముందు అడ్రస్‌లో స్పెల్లింగ్ తప్పేమో చూసుకోండి, ఎన్ఎక్స్‌డొమైన్ ఎక్కువగా దానికే వస్తుంది.

ఇన్ని చేసినా రాకపోతే ఆ సైటు హెల్ప్‌డెస్క్‌కి రాయండి. రాసేటప్పుడు స్క్రీన్‌షాట్‌లో పైన అడ్రస్ మొత్తం, తెర మీద పడిన నంబర్, కింద గడియారం కనబడాలి. ఏ బ్రౌజర్, ఏ నెట్, ప్రైవేట్ విండోలో వచ్చిందా లేదా అన్నది ఒక్క లైన్‌లో రాయండి. అడ్రస్ కత్తిరించేసి, ఏడుపు మొహం బొమ్మ ఒక్కటే ఫొటో తీసి 'నాట్ వర్కింగ్' అని పంపితే అవతలివాళ్లు మళ్లీ ఇవే అడుగుతారు, మీకు ఇంకో రెండు రోజులు పోతాయి.