రెండు ట్యూబ్ ఆంప్‌లు, ఒకే గిటార్ (ధారావాహిక పాఠం: 4వ భాగం)

పోయిన పాఠంలో ఇచ్చిన పని చేశారా? ఒక్క తీగను మీటి, ఆ నాదం పూర్తిగా ఆరిపోయేదాకా వినమన్నాను. చేయకపోతే ముందు అది చేసి రండి. ఇవాళ్టి పనంతా దాని మీదే నడుస్తుంది. ఇవాళ ఒకే గిటారుని రెండు ట్యూబ్ ఆంప్‌లలో వాయించి, వాటి గొంతుల తేడా పట్టుకుందాం. ట్యూబ్ ఆంప్ అంటే గిటార్ శబ్దాన్ని గాజు వాల్వులతో (వాటినే ట్యూబులంటారు) పెంచే పెట్టె.

గుంటూరు బ్రాడీపేటలో మా మేడమీద గదిలో ఇప్పుడు రెండు ఆంప్‌లున్నాయి. ఒకటి ఫెండర్ డీలక్స్ రివర్బ్. అమెరికా నుంచి తిరిగొచ్చిన చుట్టాల సామానుతో పాటు దిగింది. రెండోది వాక్స్ ఏసీ15, స్నేహితుడి దగ్గర అడిగి తెచ్చింది. రెండింటిలోనూ 12 అంగుళాల స్పీకరు ఒక్కొక్కటే. మీ దగ్గర వేరే జత ఉన్నా ఫర్వాలేదు, పద్ధతి ఇదే.

అమెరికా ఆంప్ 120 వోల్టుల మీద నడుస్తుంది, మన లైను 230. కాబట్టి వోల్టేజి తగ్గించే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తప్పనిసరి. ఆంప్ వెనక రాసిన వాట్ల కంటే దాని సామర్థ్యం బాగా ఎక్కువుండాలి, ఎర్త్ పిన్ ఉండాలి. సాయంత్రం వీధిలో ఏసీలన్నీ ఒకేసారి మొదలై వోల్టేజి పడిపోయే వేళ పోల్చకండి. వోల్టేజి తగ్గితే వాల్వుల వేడి తగ్గుతుంది, ఆంప్ గొంతు మెత్తబడుతుంది. అప్పుడు మీరు విన్నది ఆంప్‌ని కాదు, లైనుని. ఫ్యాను ఎలక్ట్రానిక్ రెగ్యులేటరు కూడా గిటార్ సింగిల్ కాయిల్ పికప్‌లోకి (తీగల కదలికని పట్టే ఒంటి తీగచుట్ట) బుర్రుమని దూరుతుంది. మే నెలలో గుంటూరులో ఫ్యాను ఆపమనడం అన్యాయమే గానీ, ఓ పావుగంట ఆపండి.

స్విచ్ వేయగానే వాయించకండి. 1948 డిసెంబరు 1న విజయవాడ రేడియో కేంద్రం మొదలైనప్పుడు మనవాళ్లు దాన్ని విన్నది వాల్వు సెట్లలోనే. సెట్టు వేశాక వేడెక్కి గొంతు విప్పేదాకా కూర్చునేవాళ్లు. ఇదీ అంతే, పది పదిహేను నిమిషాలు ఆగండి. ఇంకో మాట: స్పీకరు వైరు ఊడి ఉండగా ట్యూబ్ ఆంప్‌ని మోగిస్తే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోవచ్చు. వెనక పలక విప్పి వేళ్లు పెట్టొద్దు. లోపల వందల వోల్టులుంటాయి, స్విచ్ తీసేశాక కూడా కెపాసిటర్లలో కొంతసేపు నిలవ ఉంటుంది.

ఇక అసలు పాఠం. మా మేనల్లుడు మొదట ఫెండర్, వెంటనే వాక్స్ వాయించి, "మామయ్యా, వాక్సే బాగుంది!" అన్నాడు. "ఏది గట్టిగా మోగింది?" అన్నాను. కాసేపు ఆలోచించి, "అదే" అన్నాడు.

వాడినేం అనను, నేనూ అలాగే మోసపోయాను. చాలా ఏళ్ల క్రితం వేరే ఊళ్లో ఓ షాపులో రెండు ఆంప్‌లు వాయించి, "ఇదే, ఇదే" అంటూ ఒకటి కొనుక్కొచ్చాను. ఇంటికొచ్చాక దాని ముక్కు గొంతు వినలేక నెల తిరక్కుండా సగం ధరకి అమ్మేశాను. షాపులో దాని వాల్యూమ్ కాస్త ఎక్కువుంది, అంతే సంగతి. చెవికి గట్టిగా వినిపించింది బాగున్నట్టే అనిపిస్తుంది. గట్టిదనం పెరిగేకొద్దీ బేస్ (కింది స్థాయి), ట్రెబుల్ (పైస్థాయి) మనకి ఇంకాస్త నిండుగా వినబడతాయి మరి.

అందుకని ముందు శబ్దాన్ని సమానం చేయండి. ఫోనులో ఉచితంగా దొరికే డెసిబెల్ మీటరు యాప్ చాలు. అంకె నిజమా కాదా అన్న టెన్షన్ వద్దు, మనకి కావాల్సింది రెండింటి మధ్య తేడా. ఫోనుని మీ చెవి ఉండే చోట పెట్టి, ఒకే కార్డుని (కలిపి మీటే స్వరాల గుంపు) ఒకే బలంతో ఐదారుసార్లు వాయించండి. తేడా ఒక డెసిబెల్ లోపుకి వచ్చేదాకా వాల్యూమ్ సరిచేయండి. లూపర్ పెడల్ (వాయించింది రికార్డు చేసి మళ్లీ మళ్లీ వినిపించే పెట్టె) ఉంటే ఇంకా మేలు, వాయింపు అచ్చంగా ఒకటే ఉంటుంది. వాట్లు చూసి కంగారు పడకండి. ఫెండర్‌ది 22, వాక్స్‌ది 15. పూర్తిగా తిప్పినా ఆ వాట్ల తేడా 2 డెసిబెల్స్ కూడా కాదు.

ఆంప్‌లు నేల మీదుంటే రెండింటినీ ఒకే ఎత్తు స్టూళ్ల మీదకెక్కించండి. ట్రెబుల్ స్పీకరు ఎదురుగా టార్చిలైటు వెలుగులా సూటిగా పోతుంది. మోకాళ్ల దగ్గర మోగే ఆంప్ నిలబడి వింటే మందంగా ఉంటుంది, అది దాని తప్పు కాదు.

ఇప్పుడు వినండి. ముందు ఆరో తీగ, ఖాళీగా. ఫెండర్‌లో కింద స్థాయి విశాలంగా, పైన మెరుపు, నడుమ మాత్రం కాస్త లోతుకి పోయినట్టుంటుంది. దాని టోన్ సర్క్యూటే సుమారు 400, 500 హెర్ట్‌జ్ దగ్గర మధ్యస్థాయిని తగ్గిస్తుంది. దాన్ని సరిచేసే మిడ్ నాబ్ కూడా ఈ ఆంప్‌లో లేదు. ఇత్తడి గిన్నెని చెంచాతో తట్టినట్టు మోగి, చివరిదాకా శుభ్రంగా ఆరుతుంది. వాక్స్‌లో మీటిన క్షణం కొంచెం మెత్తగా నొక్కుకుని, తర్వాత నాదం పైకి లేస్తుంది. 'ఏ మేజర్' (A major) కార్డు వాయిస్తే గాజు గ్లాసులు తగిలినట్టు ఒక్కో తీగా విడివిడిగా వినబడుతుంది.

దీనికి కారణం వాల్వులొక్కటే అనుకోకండి. ఫెండర్‌లో 6వీ6 రకం పవర్ వాల్వులు రెండు, వాక్స్‌లో ఈఎల్84 రకంవి రెండు, అది నిజమే. కానీ ఫెండర్ పవర్ దశలో నెగెటివ్ ఫీడ్‌బ్యాక్ (బయటికొచ్చే నాదంలో కొంత వెనక్కి తిప్పి లోపాలు సరిచేసే ఏర్పాటు) ఉంది, వాక్స్‌లో లేదు. శుభ్రంగా ఉన్నంతసేపు ఉండి ఒక్కసారిగా నాదం విరిగి గరుకెక్కడం ఫెండర్ తీరు. వాక్స్ ముందు నుంచే కొద్దికొద్దిగా గరుకెక్కుతూ వస్తుంది. నన్నడిగితే అసలు తేడా అక్కడే ఉంది. చాలామంది బేస్, ట్రెబుల్ దగ్గరే ఆగిపోతారు.

అది పట్టుకోవాలంటే ఆంప్ వాల్యూమ్‌ని నాదం కాస్త గరుకెక్కే చోట పెట్టి, గిటార్ వాల్యూమ్‌ని 10 నుంచి 6కి తగ్గించండి. ఎంత శుభ్రపడింది? బొటనవేలితో మెల్లగా, పిక్‌తో గట్టిగా వాయించినప్పుడు ఎంత మారింది? దీనికి లూపర్ పనికిరాదు, మీ చేయే కావాలి. వాక్స్‌లో టోన్ కట్ నాబ్ తిప్పేకొద్దీ ట్రెబుల్ తగ్గుతుంది, పెరగదు. మావాడు దాన్ని పూర్తిగా తిప్పేసి "దీంట్లో పైస్థాయే లేదు మామయ్యా" అన్నాడు.

ఒక ఆంప్ నుంచి ఇంకోదానికి మారడానికి స్విచ్ పెట్టె వాడితే రెండు ఆంప్‌ల ఎర్త్ కలిసి హమ్ (గుయ్‌మనే మోత) రావచ్చు. హమ్ పోతుందని ప్లగ్గులో ఎర్త్ పిన్ మాత్రం తీసేయకండి, ప్రాణాలకే ముప్పు. లోపల ఆ రెండు ఎర్త్‌లనీ విడిగా ఉంచే ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న పెట్టె తీసుకోండి.

చివరగా, కళ్లు మూసుకుని పరీక్ష. వేరేవాళ్లు బొమ్మాబొరుసూ వేసి ఏదో ఒక ఆంప్ మోగించాలి, మీరు పేరు చెప్పాలి, పదిసార్లు. 5 సరిపోతే అది గుడ్డి లెక్కే. గుడ్డిగా చెప్పి 9 లేదా 10 రావడం నూటికి ఒక్కసారే, కాబట్టి 9 వస్తే మీ చెవిని నమ్మొచ్చు. మా గదిలో మొదటి రోజు మేనల్లుడికి 6, శబ్దం సమానం చేసి వారం సాధన చేశాక 9. అదే రోజు నాకు 7. కాగితం వాడి దగ్గరే ఉంది, ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ చూపిస్తున్నాడు.

వచ్చే పాఠానికి మూడు రోజుల పరీక్షల కాగితాలు రాసి ఉంచుకోండి. స్పీకర్లు తారుమారు చేసి చూద్దాం. అందాకా రెండు ఆంప్‌ల వెనకా రాసిన ఓమ్స్ అంకె (స్పీకరు కరెంటుకిచ్చే అడ్డు కొలత) చూసి ఆ కాగితం మీదే రాసి పెట్టండి.